ఉత్తరాల్లో పెరిగిన బాకీ: తొలినాటి అమెరికాలో అప్పులు, దావాలు

అమెరికా స్వాతంత్ర్య పోరాటం గురించి మన పాఠ్యపుస్తకాలు చెప్పే కథలో తేయాకు ఉంటుంది, స్టాంపుల పన్ను ఉంటుంది, ప్రాతినిధ్యం లేనిదే పన్ను చెల్లదన్న వాదన ఉంటుంది. అప్పు దాదాపుగా కనిపించదు. కాని ఆ పోరాటంలో ముందు నిలిచిన వర్జీనియా భూస్వాముల్లో చాలామంది లండన్, బ్రిస్టల్, గ్లాస్గో నగరాల వర్తకులకు తరతరాలుగా బాకీదారులు. ఈ బాకీలు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నవి కావు. సముద్రానికి అటూ ఇటూ ఉత్తరాల్లో పుట్టి, ఉత్తరాల్లో పెరిగి, చివరకు ఆ ఉత్తరాలే సాక్ష్యాలుగా న్యాయస్థానాలకెక్కినవి. ఆ ఉత్తరాలను స్నేహలేఖలుగా చదివితే ఒక చరిత్ర, లెక్కల పుస్తకాన్ని పక్కన పెట్టుకుని చదివితే మరొక చరిత్ర కనిపిస్తాయి. ఈ రెండో చదువు ఎలా ఉంటుందో కొన్ని ఉదాహరణలతో చూపడమే ఇక్కడ మా ఉద్దేశం.

ముందు వ్యాపార పద్ధతిని కొంచెం తెలుసుకోవాలి. 18వ శతాబ్దపు వర్జీనియాలో నాణేలు అరుదు, పొగాకే ధనం. పెద్ద భూస్వామి తన పంటను పీపాల్లో కూరించి, నదీతీరంలోనే ఓడకెక్కించి లండన్ వర్తకునికి పంపేవాడు. అమ్ముడుపోయేదాకా సరుకు భూస్వామిదే. తడిసినా, మునిగినా, ధర పడిపోయినా నష్టం అతనిదే. వర్తకుడు సుంకం, ఓడ కేవు, గిడ్డంగి అద్దె, తన దస్తూరి మినహాయించుకుని మిగిలినది అతని ఖాతాలో జమ కట్టేవాడు. సరుకుతో పాటే మరొక ఉత్తరం కూడా వెళ్లేది: ఫలానా బట్టలు, చెప్పులు, గుర్రపు జీను, మందులు, పలుగులు, పారలు, పిల్లలకు బొమ్మలు కొని పంపవలసిందని. వాటి ఖరీదు వర్తకుడు అదే ఖాతాలో ఖర్చు రాసేవాడు. ధర కట్టేది, వస్తువు ఎంచేది, లెక్క రాసేది అంతా అతనే. భూస్వామి చేతిలో ఉన్నది కలం ఒక్కటే.

ఊళ్లో ఎవరికైనా డబ్బు ఇవ్వవలసి వస్తే భూస్వామి లండన్ వర్తకుని పేర ఒక చీటీ రాసిచ్చేవాడు. మద్రాసులోనో, బరంపురంలోనో, బెంగళూరులోనో పాత వర్తక కుటుంబాల్లో పుట్టిన మన విద్యార్థులకు హుండీ అన్న మాట ఇంట్లో విన్నదే అయివుంటుంది. ఇదీ అటువంటిదే. ఓడలు మునిగే కాలం కనుక ఒకే చీటీని మూడు ప్రతులుగా రాసేవారు. ఒక ప్రతి చెల్లితే మిగిలిన రెండింటికీ విలువ లేదు. వర్తకుడు చెల్లించనంటే నోటరీ ఎదుట ఆ నిరాకరణను రాయించి చీటీని తిప్పి పంపేవారు. తిరిగివచ్చిన చీటీ అంటే నష్టపరిహారంతో పాటు ఊరంతా తెలిసే అప్రతిష్ఠ.

ఉత్తరం చేరడానికి గాలి అనుకూలిస్తే ఐదారు వారాలు, లేకుంటే మూడు నెలలు. అంటే ఒక ప్రశ్నకు జవాబు రావడానికి ఆరు నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. అందుకే ముఖ్యమైన జాబును రెండు మూడు ప్రతులు రాసి వేర్వేరు ఓడల్లో వేసేవారు. దానికి ముందు తమ దగ్గర నకలు పుస్తకంలో ఎక్కించుకునేవారు. ఈ నకలు పుస్తకం అలంకారం కాదు. పదేళ్ల తర్వాత తగువు వస్తే ఏ తేదీన ఏమి ఒప్పుకున్నామో, ఏమి కాదన్నామో చెప్పేది అదే. వాటర్లో మసిబట్టను తడిపి అద్దినట్లు, తడి కాగితంపై సిరా దిగేలా నొక్కి నకలు తీసే జేమ్స్ వాట్ యంత్రానికి 1780లో పేటెంటు వచ్చింది. థామస్ జెఫర్సన్ 1785 నుండి దాన్ని వాడాడు. 1804 నుండి రెండు కలాలు ఒకేసారి కదిలే మరొక యంత్రానికి మారాడు. తాను రాసిన, తనకు వచ్చిన ప్రతి ఉత్తరానికీ 1783 నుండి పట్టిక పెట్టుకున్నాడు. విద్వాంసుని క్రమశిక్షణగా దీన్ని మెచ్చుకోవడం వాడుక. అందులో బాకీదారుని జాగ్రత్త కూడా ఉందని మా అభిప్రాయం.

జార్జి వాషింగ్టన్ విషయం చూద్దాం. అతని భార్య మార్తా మొదటి భర్త డేనియల్ పార్క్ కస్టిస్ 1757 జులైలో వీలునామా రాయకుండా చనిపోయాడు. అప్పటికి ఆమెకు 26 ఏళ్లు. మరుసటి నెలలోనే ఆమె లండన్‌లోని రాబర్ట్ కేరీ కంపెనీకి జాబు రాసింది. భర్త మరణవార్త తెలిపి, ఎస్టేటు వ్యవహారం ఇకపై తానే చూస్తానని, పొగాకుకు మంచి ధర తెప్పించాలని కోరింది. దుఃఖం వెలిబుచ్చే ఉత్తరం కాదది. ఖాతా ఎవరి చేతికి మారిందో తెలిపే ఉత్తరం. 1759 జనవరిలో వాషింగ్టన్ ఆమెను పెళ్లాడాడు. మే 1న కేరీ కంపెనీకి అతను రాసిన జాబుతో పాటు పెళ్లి జరిగినట్లు మతాధికారి ఇచ్చిన ధృవపత్రం కూడా వెళ్లింది. కస్టిస్ ఎస్టేటు గురించిన జాబులు ఇకపై తన పేరనే రావాలని అందులో కోరాడు. ఆనాటి చట్టంలో భార్య ఆస్తి మీద అధికారం భర్తది. రెండేళ్లు ఖాతా నడిపిన స్త్రీ కలం ఆ ఒక్క కాగితంతో పక్కకు తప్పుకుంది.

పెళ్లితో వాషింగ్టన్‌కు ఒక పాత దావా కూడా వచ్చింది. కస్టిస్ తల్లి తరపు తాత డేనియల్ పార్క్ వెస్టిండీస్‌లోని ఆంటిగువాలో గవర్నరుగా ఉండి 1710లో తిరుగుబాటుదార్ల చేతిలో హతుడయ్యాడు. అక్కడి ఆస్తిని ఒక అక్రమ సంతానానికి, వర్జీనియా ఆస్తిని పెద్ద కూతురికి రాసి పోయాడు. ఆంటిగువాలోని అప్పులు ఏ ఆస్తి నుండి తీరాలన్నదే తగవు. వర్జీనియా కోర్టు, లండన్‌లో రాజు ప్రీవీ కౌన్సిల్, లాయర్ల జాబులు... చనిపోయిన మనిషి అప్పు అర్ధశతాబ్దం తర్వాత కూడా ఓడల్లో తిరుగుతూనే ఉంది.

వాషింగ్టన్ ఉత్తరాల్లో మొదట వినిపించేది సణుగుడే. పంపిన వస్తువులు పాతకాలపువని, కొలతలు సరిపోలేదని, ధర ఎక్కువని, పొరుగువాళ్ల పొగాకుకు వచ్చిన ధర తనకు రాలేదని. 1764లో ఆ స్వరం మారుతుంది. బాకీ సుమారు 1,800 పౌండ్లకు చేరిందని, తీర్చమని కేరీ కంపెనీ అడిగింది. ఆగస్టు 10న వాషింగ్టన్ ఇచ్చిన జవాబు ఈ తరహా ఉత్తరాలకు చక్కని నమూనా. బాకీ పెరగడానికి తన నడత కారణం కాదని, పంటలు దెబ్బతినడం, తనకు రావలసినవి రాకపోవడం కారణాలని చెప్పాడు. ఇంతకాలం నమ్మకంగా సరుకు పంపిన తనను ఇలా అడుగుతారని అనుకోలేదని నొచ్చుకున్నాడు. వడ్డీ కట్టడానికి ఒప్పుకున్నాడు. స్వేచ్ఛ కోరే మనసుకు అప్పులో చిక్కుకోవడం బాధాకరమని కూడా అన్నాడు. అతని పొలంలో పనిచేసే బానిసలకు ఆ వాక్యం వినిపించే అవకాశం లేదు. ఒకటి రెండేళ్లలో, 1766 నాటికి, మౌంట్ వెర్నన్ పొలాల్లో పొగాకు మాని గోధుమ వేశాడు. ఆ జవాబులో మర్యాద పలికింది. పంట మార్పులో అసలు నిర్ణయం కనిపించింది.

ఈ మర్యాద భాష గురించి అమెరికా చరిత్రకారుడు టి.హెచ్. బ్రీన్ 1985లో వచ్చిన తన గ్రంథంలో విస్తారంగా చర్చించాడు. వర్జీనియా భూస్వామి దృష్టిలో వర్తకుడు మిత్రుడు. మిత్రుడు బాకీ గుర్తుచేస్తే అవమానం. వర్తకుని దృష్టిలో మాత్రం అది ఖాతా. బాగా గడిచిన రోజుల్లో ఈ రెండు అర్థాలూ ఒకే ఉత్తరంలో ఇమిడిపోయేవి. 1772 జూన్‌లో లండన్‌లో ఒక బ్యాంకు కుప్పకూలి, దాని వెంట స్కాట్లండ్ దాకా అనేక సంస్థలు దెబ్బతిన్నాయి. అప్పిచ్చినవారిని వారి అప్పులవాళ్లు పీడించారు. వారు వర్జీనియా మీద పడ్డారు. అప్పటినుండి ఉత్తరాల్లో మిత్రుడు వెనకబడి ఖాతా ముందుకొచ్చింది.

చట్టం ఎవరివైపు ఉందో కూడా గమనించాలి. 1732లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన ఒక శాసనం ప్రకారం, ఇంగ్లండ్‌లోని వర్తకుడు అక్కడి మేయరు ఎదుట తన లెక్క నిజమని ప్రమాణం చేసి పంపితే అమెరికా వలసల కోర్టులో అది సాక్ష్యంగా చెల్లుతుంది. సాక్షి సముద్రం దాటి రానక్కరలేదు, ఎదురు ప్రశ్నలకు నిలబడనక్కరలేదు. అదే శాసనం బాకీదారుని భూమినీ, ఇళ్లనూ, బానిసలనూ అప్పు కింద జప్తు చేయవచ్చునని చెప్పింది. కాగితం దాటి వచ్చి మనుషులను పట్టుకుపోగలదన్న మాట.

ఇక జెఫర్సన్. అతని మామ జాన్ వేల్స్ న్యాయవాది. బ్రిస్టల్‌లోని ఫారెల్ అండ్ జోన్స్ అనే వర్తక సంస్థకు వర్జీనియాలో ఏజెంటు కూడా. భూస్వాముల ఇళ్లకు తిరిగి బాకీలు వసూలు చేయడం, ఎవరి పరిస్థితి ఎలా ఉందో బ్రిస్టల్‌కు రాయడం అతని పని. 1766లో రాసిన ఒక జాబులో, పాతికేళ్ల కిందట వెయ్యి పౌండ్ల బాకీ అంటే మహాభారమని భయపడేవారని, ఇప్పుడు పదింతలైనా తేలిగ్గా మాట్లాడుతున్నారని వ్యాఖ్యానించాడు. ఆ తర్వాత ఏడేళ్లకు, 1773లో, తానే ఆ సంస్థకు పెద్ద బాకీపడి చనిపోయాడు. 1772లో ఆఫ్రికా నుండి వచ్చిన ఒక బానిస ఓడ సరుకు అమ్మకం కూడా ఆ లెక్కల్లో ఉంది. ‘సరుకు’ అన్నది ఆ జాబుల భాష, మనుషులను గురించి.

అల్లుళ్లు ముగ్గురు 1774లో ఆస్తి పంచుకున్నారు. జెఫర్సన్ వాటాకు సుమారు 11,000 ఎకరాలు, 135 మంది బానిసలు వచ్చారు. ఫారెల్ అండ్ జోన్స్‌కు తీర్చవలసిన దాదాపు 3,750 పౌండ్ల అప్పు వాటా కూడా వచ్చింది. పంచుకోకుండా ఎస్టేటును ఎస్టేటుగానే ఉంచివుంటే బాధ్యత దాని మేరకే ఉండేది. పంచుకోవడంతో అప్పు అల్లుళ్ల సొంతమయింది. బాకీ తీర్చడానికి జెఫర్సన్ వచ్చిన భూమిలో సగానికి పైగా అమ్మాడు. కొన్నవారు నగదు ఇవ్వలేదు, వాయిదాల బాండ్లు రాసిచ్చారు. ఆ బాండ్లనే తీసుకుని తనను విడిచిపెట్టమని వర్తకుని ఏజెంటును అడిగితే అతను ఒప్పుకోలేదు.

అంతలో యుద్ధం. 1774 నుండే వర్జీనియా కోర్టులు అప్పు దావాలు వినడం మానేశాయి. 1777లో రాష్ట్ర శాసనసభ మరో దారి తెరిచింది: బ్రిటిష్ వర్తకునికి బాకీ ఉన్నవారు ఆ మొత్తాన్ని కాగితపు డబ్బుగా రాష్ట్ర రుణ కార్యాలయంలో కట్టి రసీదు తీసుకుంటే బాకీ తీరినట్లే. కాగితపు డబ్బు విలువ నెలనెలకూ కరిగిపోతున్న కాలమది. జెఫర్సన్ భూమి కొన్నవారు అతనికి ఆ డబ్బే ఇచ్చారు. అతను దాన్ని రుణ కార్యాలయంలో కట్టాడు. 1783 పారిస్ సంధిలోని నాలుగో అధికరణం ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. ఇరుపక్షాల రుణదాతలు తమ న్యాయమైన బాకీలను స్టెర్లింగ్ విలువలో పూర్తిగా రాబట్టుకోవడానికి చట్టపరమైన ఆటంకం ఉండరాదని అది చెప్పింది.

1784 నుండి 1789 వరకు జెఫర్సన్ ఫ్రాన్సులో ఉన్నాడు. ఉత్తరాలు ఇప్పుడు మూడు మూలలుగా నడిచాయి: పారిస్ నుండి బ్రిస్టల్‌కు, పారిస్ నుండి వర్జీనియాలోని తోడల్లుడు ఫ్రాన్సిస్ ఎప్స్‌కు, ఎస్టేటు చూసే నికొలస్ లూయిస్‌కు. 1786 వసంతంలో లండన్ వెళ్లినప్పుడు విలియం జోన్స్‌ను స్వయంగా కలిశాడు. అయినా వ్యవహారం తేలింది మాటల్లో కాదు. 1787 జనవరి 5న పారిస్ నుండి జోన్స్‌కు రాసిన సుదీర్ఘమైన జాబు మా దృష్టిలో ఈ మొత్తం సాహిత్యంలోకెల్లా చదవదగినది. అది ఏకకాలంలో మనవి, లెక్క, లాయరు వాదన. యుద్ధానికి ముందే బాకీ కోసం భూములు అమ్మానని, ఆ సొమ్ము కాగితపు డబ్బుగా మారి పోయిందని చెప్పాడు. 1781లో కార్న్‌వాలిస్ సేన తన పొగాకును తగలబెట్టి, ముప్పై మంది బానిసలను తీసుకుపోయిందని, ఆ నష్టమే మూడు నాలుగు వేల పౌండ్లని లెక్క చూపాడు. (ఈ కార్న్‌వాలిసే 1786లో భారతదేశానికి గవర్నర్ జనరల్‌గా వచ్చి 1791లో బెంగళూరు కోటను పట్టుకున్నవాడు. కర్ణాటకలోని మన పాఠకులకు ఇతని పేరు ఆ వైపు నుండి తెలుసు.) రుణ కార్యాలయం రసీదు చాటున దాక్కోనని, అసలు తీరుస్తానని, యుద్ధకాలపు వడ్డీ మాత్రం ఇవ్వనని తేల్చాడు. ఇరువైపులా వ్యవహారం ఆగిపోయిన కాలానికి వడ్డీ న్యాయం కాదన్నది అతని వాదం.

ఒక సంవత్సరం ముందు, ఫ్రెంచి రచయిత మెనియే అడిగిన ప్రశ్నలకు జవాబిస్తూ జెఫర్సన్ ఇంకా నిష్ఠూరంగా మాట్లాడాడు. వర్తకులు మొదట మంచి ధర ఇచ్చి, అప్పు ఇచ్చి, భూస్వామి మునిగాక ధర తగ్గించేవారని, అప్పు తండ్రి నుండి కొడుక్కు సంక్రమించి చివరకు భూస్వాములే లండన్ కొట్ల ఆస్తిలో భాగమయ్యారని రాశాడు. ఆ మాటలో నిజం చాలా ఉంది. కాని అతను జోన్స్‌కు రాసిన జాబులో ఆ కోపం లేదు. ఎవరికి ఏ స్వరంలో రాయాలో బాకీదారునికి బాగా తెలుసు. విద్యార్థులు ఈ రెండు రచనలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలని మా సలహా.

1790 ఫిబ్రవరిలో, పెద్ద కూతురి పెళ్లి సమయంలోనే, జోన్స్ ఏజెంటు రిచర్డ్ హాన్సన్‌తో జెఫర్సన్ ఒప్పందం చేసుకుని ఏడు బాండ్లు రాసిచ్చాడు. 1791 నుండి ఏడాదికొక వాయిదా. అందరూ అలా రాజీపడలేదు. ఫెడరల్ కోర్టులు తెరుచుకోగానే జోన్స్ పేరున దావాలు పడ్డాయి. 1791లో రిచ్‌మండ్‌లో బాకీదారుల తరపున పాట్రిక్ హెన్రీ రోజుల తరబడి వాదించాడు. జోన్స్ చనిపోయాక అతని ఆస్తి నిర్వాహకుడు వేర్ పేర దావా సాగింది. వేర్, హిల్టన్‌ల వ్యాజ్యంగా న్యాయశాస్త్ర విద్యార్థులు చదివేది దీన్నే. 1774 జులై 7 తేదీ గల బాండు అది. ప్రతివాదులు 1780లో సుమారు 3,111 డాలర్ల కాగితపు డబ్బు రుణ కార్యాలయంలో కట్టి, ఆ మేరకు తీరిందన్నారు. వారి తరపున సుప్రీంకోర్టులో వాదించినవాడు జాన్ మార్షల్. తర్వాతి కాలంలో అదే కోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా పేరుపొందిన ఇతను న్యాయవాదిగా అక్కడ వాదించిన ఒకే ఒక కేసులో ఓడిపోయాడు. 1796లో కోర్టు తీర్పు చెప్పింది: దేశం చేసుకున్న సంధికి విరుద్ధమైన రాష్ట్ర శాసనం నిలవదు. ఒక పొగాకు బాకీ నుండి అమెరికా రాజ్యాంగ న్యాయంలో మూలసూత్రం ఒకటి స్థిరపడింది.

తీర్పు వచ్చినంత మాత్రాన డబ్బు రాలేదు. 1794 నాటి జే సంధి కింద ఫిలడెల్ఫియాలో కూర్చున్న కమిషన్ తగాదాలతో 1799లో ఆగిపోయింది. 1802 ఒడంబడికలో అమెరికా ప్రభుత్వం 6,00,000 పౌండ్లు ఏకమొత్తంగా ఇవ్వడానికి ఒప్పుకుంది. దాన్ని పంచడానికి లండన్‌లో 1811 దాకా విచారణ సాగింది. ఆ విచారణల కోసం వర్జీనియా జిల్లాల్లో మనుషులు తిరిగి ఒక్కొక్క పాత బాకీదారు గురించి వివరాలు రాసి పంపారు: ఫలానావాడు చనిపోయాడు, ఫలానావాడు కెంటకీకి తరలిపోయాడు, ఫలానావానికి యుద్ధం ముగిసేనాటికి ఆస్తి ఉండేది. తాము మిత్రులమనుకుని రాసుకున్నవారి మనుమలు ఒక పట్టికలో వరసలయ్యారు.

ఈ ఉత్తరాలన్నింటిలో ఒక్కసారి కూడా కలం పట్టనివారు వాటి భారాన్ని మోశారు. 1787 జులై 29న నికొలస్ లూయిస్‌కు రాసిన జాబులో జెఫర్సన్ ఇక భూమి అమ్మదలచుకోలేదని, బానిసల శ్రమతో అప్పు తీరే ఆశ ఉన్నంతవరకు వారిని కూడా అమ్మనని చెప్పాడు. ఆ వాక్యంలోని దయ ఎంతో, ‘ఉన్నంతవరకు’ అన్న షరతు కూడా అంతే. 1784, 1794 మధ్య పదేళ్లలో 161 మంది అతని చేతి నుండి అమ్మకం ద్వారానో, దానం ద్వారానో ఇతరుల చేతికి పోయారు. ఏడు బాండ్ల వాయిదాల కాలం కూడా ఇదే.

1826 జులై 4న చనిపోయేనాటికి జెఫర్సన్ అప్పు లక్ష డాలర్లు దాటింది. 1827 జనవరిలో మాంటిసెల్లోలో 130 మంది బానిసలను వేలానికి పెట్టారు. కమ్మరి జోసెఫ్ ఫాసెట్‌కు వీలునామాలో విముక్తి లభించింది; అతని భార్య ఎడిత్‌కూ పిల్లలకూ లభించలేదు. వారు వేర్వేరు కొనుగోలుదార్ల పాలయ్యారు. ఫాసెట్ కొలిమి మీద సంపాదించి భార్యనూ, కొందరు పిల్లలనూ కొని విడిపించుకున్నాడు. కొడుకు పీటర్‌కు అప్పుడు 11 ఏళ్లు. కొన్న యజమాని అతను పుస్తకం ముట్టరాదని బెదిరించాడు. పీటర్ రహస్యంగా చదవడం, రాయడం నేర్చుకున్నాడు. 1850లో స్వేచ్ఛ పొందే లోపల, పారిపోయే తోటి బానిసల కోసం అతను తన చేత్తో విముక్తి పత్రాలు రాసిచ్చేవాడు.